నెమ్మదిలో నూటికి తొంభై ఎనిమిది

నాలుగో తరగతి చదువుతున్న నైనిక బడి నుంచి వచ్చి, సోఫాలో కూర్చోబోతూ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, "అమ్మయ్యా, రామచంద్రా" అంది.

త్రిమూర్తులు పేపరు పక్కన పెట్టి కూతురి వంక చూశాడు. వేళాకోళానికి అందేమో అనుకున్నాడు. కాదు. పిల్ల కళ్లు మూసుకునే జడ రిబ్బను ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, దిండు కింద దాచుకుంది. ఆ ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ మడత పెట్టి దిండు కింద దాచుకునే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడకి డెబ్బై ఒకటి.

"నైనీ, ఇంకో పదిహేను రోజుల్లో నీ పుట్టినరోజు. కేకు మీద ఏ బొమ్మ వేయించమంటావు?" అన్నాడు.

"ఎందుకు నాన్నా ఇప్పుడా ఆర్భాటం. మీకు శ్రమ. ఇంత పరమాన్నం చేసుకుంటే సరిపోద్ది."

పోయినేడు ఇదే పిల్ల, కేకు మీద గుర్రానికి కొమ్ము విరిగిందని బేకరీ మెట్ల మీద బోర్లా పడుకుని ఏడ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి, ఎవరైనా పోయారా అని అడిగారు. ఆ రోజు త్రిమూర్తులు, ఈ పిల్ల కాస్త నెమ్మదిస్తే చాలు భగవంతుడా అనుకున్నాడు. భగవంతుడు పట్టించుకోలేదు. ఆ పని తర్వాత త్రిమూర్తులే చేశాడు.

కాకినాడలో ఓ ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో అతను పదిహేనేళ్లుగా ఎలక్ట్రానిక్సు చెబుతున్నాడు. నాలుగో అంతస్తులో, నీళ్ల ట్యాంకు పక్కన, విరిగిన కుర్చీలు పడేసే గదిని బతిమాలి తీసుకుని పరిశోధన చేసుకుంటున్నాడు. బయట "అడ్వాన్స్‌డ్ ల్యాబ్" అని బోర్డు పెట్టాక కూడా కుర్చీలు తెచ్చి పడేస్తూనే ఉన్నారు. ఆ కుర్చీల మధ్య అతనూ, ఎంటెక్ చేస్తున్న నాగమల్లేశ్వరీ కలిసి ఏడాదిన్నరపాటు కూర్చుని తయారుచేసింది నెమ్మది పట్టీ.

చూడటానికి వాచీలాగే ఉంటుంది. చేతికి కట్టుకుంటే చర్మం మీద చెమటా, నాడి వేగమూ, ఒంటి వెచ్చదనమూ చూసి, లోపల జరుగుతున్నదానికి పేరు చెబుతుంది. రూపాయి బిళ్లంత తెర మీద ఒకే ఒక్క మాట పడుతుంది. కోపం. భయం. బెంగ. సిగ్గు. అంతే.

మొట్టమొదటి పట్టీ నైనికకే కట్టాడు. రెండో రోజు సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి, "నాన్నా, ఇవాళ తన్మయిని పెన్సిల్ బాక్సు పెట్టి కొట్టాను" అని రిపోర్టు ఇచ్చింది. "నాకు కోపం వచ్చిందనుకున్నాను. చూస్తే ఇది 'అసూయ' అని రాసింది. అప్పుడు తెలిసింది. దాని బాక్సు మూతకి అద్దం ఉంది, నా దానికి లేదు. రేపు సారీ చెప్పి, ఒకసారి అద్దం చూసుకోనివ్వమని అడుగుతాను."

అడిగింది. తన్మయి చూసుకోనిచ్చింది. ఈ సంగతి వినగానే త్రిమూర్తులుకి కళ్లు చెమర్చాయి. అతని చేతికి పట్టీ లేదు కాబట్టి దాని పేరేంటో తెలియలేదు.

పేరు చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ కాలేజీ యాజమాన్యం, "పేరు చెప్తుంది సరే, తగ్గిస్తుందా?" అని అడిగింది. దాంతో పట్టీకి జోకొట్టడం నేర్పారు. పిల్లకి ఏదైనా ఎక్కువైతే, పసిబిడ్డ వీపు మీద తట్టినట్టు మణికట్టు మీద మెల్లగా తడుతుంది. ఎవరిని ఏ లయలో తట్టాలో దానంతటదే నేర్చుకుంటుంది. అదెలాగంటే, ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ల్యాబులోని పెద్ద కంప్యూటరు, అందరికంటే నెమ్మదిగా ఉన్న పిల్లలెవరో చూసి, వాళ్ల లోపల పొంగేది ఎలా పొంగి ఎలా చల్లారుతోందో రాసుకుని, మిగతా పట్టీలన్నిటికీ అదే పాఠం పంపుతుంది. క్లాసు ఫస్టు వచ్చినవాడి నోట్సు మిగతావాళ్లు జెరాక్సు తీయించుకున్నట్టు. ఈ ఉపాయం తట్టినప్పుడు నాగమల్లేశ్వరీ తనూ ఒకరికొకరు స్వీటు తినిపించుకున్నారు.

లిటిల్ హిమాలయాస్ ఒలింపియాడ్ స్కూల్లో మూడొందల పన్నెండు మంది పిల్లలకి పట్టీలు కట్టారు. నైనిక చదివేది అక్కడే. ప్రిన్సిపాల్ భాగ్యరేఖ మేడం మొదటి మీటింగులోనే అసలు విషయానికి వచ్చేసింది.

"అంతా బాగుందండి సార్. మార్కులెన్ని?"

"మార్కులు లేవు మేడం. ఇది పిల్లలు తమని తాము తెలుసుకోడానికి."

"తెలుసుకుంటారండి, ఎందుకు తెలుసుకోరు. కానీ మార్కుల్లేనిది మా పేరెంట్స్ చదివించరు సార్. మార్కులు పెట్టండి, పిల్లలు ఏదైనా తెలుసుకుంటారు."

వంద మార్కులు పెట్టారు. బడిలో నెమ్మదికి నలభై, ఇంట్లో నెమ్మదికి అరవై. ప్రోగ్రెస్ కార్డులో హిందీకీ కంప్యూటర్సుకీ మధ్య ఓ కొత్త గడి వచ్చింది. నెల తిరక్కుండా భానుగుడి దగ్గర ఒకాయన నెమ్మది కోచింగు తెరిచాడు. పొద్దున బ్యాచిలో ఒకే సీటు మిగిలితే, దానికోసం ఇద్దరు తండ్రులు చొక్కాలు పట్టుకున్నారు. అపార్టుమెంటు లిఫ్టులో కింది ఫ్లాటావిడ, "మా వాడికి బెంగలో రెండు మార్కులు పోయాయండి, లేకపోతే ఫస్టే" అని బెంగపడింది.

నైనికకి మొదటి నెల యాభై ఒకటి వచ్చింది. త్రిమూర్తులు భార్య పద్మలత ఆ కార్డు మీద సంతకం పెట్టడానికి మూడు రోజులు తీసుకుంది. రెండో నెల తొంభై ఎనిమిది వచ్చింది. స్కూలు ఫస్టు. ఆ కార్డు ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టింది. త్రిమూర్తులు ఆ రోజు తనే గొప్ప శాస్త్రవేత్తననుకున్నాడు. ఇంత తేడా ఒక్క నెలలో ఎలా వచ్చిందని ఆలోచించాల్సినవాడు కూడా అతనే.

పిల్ల రామచంద్రా అన్న మర్నాడు అతను బడికి వెళ్లాడు. సరిగ్గా ఇంటర్వెల్ గంట కొట్టారు.

గంట తర్వాత రావాల్సిన చప్పుడు రాలేదు. పిల్లలు ఒకరి వెనకాల ఒకరు, గోడ పట్టుకుని, మెట్లు దిగారు. ఎండ పడని చోటు చూసుకుని కూర్చున్నారు. ఎవరూ పరిగెత్తలేదు. బంతి ఒకటి గ్రౌండు మధ్యలో ఉంది, దాని మానాన అది ఉంది. ఇద్దరు మూడో తరగతి పిల్లలు పాదాలు చాపుకుని మాట్లాడుకుంటున్నారు.

"ఏం తెచ్చుకున్నావు?"

"ఏదో పెట్టారు. నాకేం సయించట్లేదు. నువ్వు తిను."

"నాకూ అంతే. నోరు చప్పబడిపోయింది."

మరో పిల్లాడు ఆయాని పిలిచి, "కాసిన్ని వేణ్ణీళ్లు ఉంటే ఇస్తారా?" అని అడుగుతున్నాడు. నైనిక ఒక మూల కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. పక్కన తన్మయి ఉంది. ఇద్దరి మధ్యా అద్దం ఉన్న బాక్సు ఉంది. ఇద్దరూ చూడట్లేదు.

భాగ్యరేఖ మేడం మొహం వెలిగిపోతోంది. "చూశారా సార్. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇంటర్వెల్లో నాకు ఫ్యాను చప్పుడు వినబడటం ఇదే మొదలండి."

"పిల్లలు ఆడుకోవట్లేదు మేడం."

"అదేనండి డిసిప్లిను అంటే. వచ్చే నెల శాంతోత్సవం పెడుతున్నాం. మిమ్మల్నే చీఫ్ గెస్టుగా అనుకున్నాం. శాలువా రంగు మీ ఇష్టం."

త్రిమూర్తులు ల్యాబుకి వచ్చి, కుర్చీల మధ్య దారి చేసుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టాపర్లవి ఇంటి దగ్గరి లెక్కలు తీయమన్నాడు. నాగమల్లేశ్వరి తీసింది. చాలాసేపు చూసింది.

"సార్, ఈ నాలుగో తరగతి టాపరు పాప ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకుని రెండున్నరకి లేస్తుందండి. తెల్లారి నాలుగున్నరకల్లా మెలకువండి. లేచినప్పుడల్లా నాడి ఒక్క క్షణం ఎగురుతుంది. నాకు తెలిసి దీనికి మోకాళ్ల నొప్పులున్నాయండి."

"తొమ్మిదేళ్ల పిల్లకి మోకాళ్ల నొప్పులేంటి?"

"ఇంకో సంగతండి. రాత్రి ఏడున్నరకి కొంచెం కదలిక ఉంటుంది, మళ్లీ ప్రతి పది నిమిషాలకీ తగ్గుతుంది. అడ్వర్టైజుమెంట్లండి. ఏడున్నరకి మా అమ్మమ్మ కూడా అదే సీరియల్ చూస్తుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత గంటసేపు ఒక్కో పేరే తీశారు. మూడో తరగతి ఫస్టు ర్యాంకు, ఎవరిదో తాతగారు. నాలుగో తరగతిలో మొదటి పదిమందిలో తొమ్మిదిమంది బామ్మలు. ఐదో తరగతి సెకండు ర్యాంకు మాత్రం ఎంతసేపటికీ అంతుపట్టలేదు. చివరికి కుక్క అని తేలింది. దాని చర్మానికి మనుషుల్లా చెమట పట్టదు కాబట్టి, దానికి ఏ బెంగా లేదని కంప్యూటరు నమ్మేసింది.

బడిలో నలభై మార్కులు పిల్లలు తెచ్చుకోవాలి, తప్పదు. ఇంటి అరవై కోసం, పిల్ల చెప్పులు విప్పగానే పట్టీ కూడా విప్పి, ఇంట్లో అందరికంటే కదలకుండా కూర్చునే ప్రాణికి కట్టేస్తున్నారు. ఆ ప్రాణుల దగ్గర కంప్యూటరు పాఠం నేర్చుకుంటోంది. నేర్చుకున్నదాన్ని వారం వారం మూడొందల పన్నెండు మంది పిల్లల మణికట్లకి తట్టి చెబుతోంది. ఇక దేనికీ ఆశపడకపోతే ఏదీ పొంగదని.

"సార్, స్కూలు ఫస్టు పేరు చూశారాండి?" అంది నాగమల్లేశ్వరి మెల్లగా.

త్రిమూర్తులుకి చూడకుండానే తెలుసు. నాలుగో తరగతి, బి సెక్షను, నైనిక. అంటే వరహాలమ్మ. అతని తల్లి.

ఇంటికెళ్లేసరికి పద్మలత చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"పట్టీ అమ్మకి కడుతున్నావా?"

పద్మలత ఈనె తీయడం ఆపలేదు. "అందరూ కడుతున్నారండీ. మొదట ఎవరు కట్టారో తెలీదు గానీ గ్రూపులో పెట్టారు. అత్తయ్యగారు ఎలాగూ ఊరికే కూర్చుంటారు గదా అని."

"అది పరిశోధన పద్మా."

"మీకు పరిశోధన. నాకు పేరెంట్స్ మీటింగు. యాభై ఒకటి వచ్చినప్పుడు ఆ మేడం నన్ను నిలబెట్టి అడిగింది, ఇంట్లో మీ ఇద్దరికీ గొడవలా అండీ అని. మీరు వచ్చారా ఆ మీటింగుకి? రాలేదు. అప్పుడు లేదా పరిశోధన?"

త్రిమూర్తులు బాల్కనీలోకి వెళ్లాడు. వరహాలమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదుటి అపార్టుమెంటు గోడ చూస్తోంది. చేతికి పట్టీ. తెర మీద "నెమ్మది".

"అమ్మా, ఇది ఎందుకు కట్టారో తెలుసా నీకు?"

"బీపీకి అనుకున్నాన్రా."

"అడగలేదా?"

"ఎందుకులే. కడితే కట్టారు. నొప్పేం లేదు, అప్పుడప్పుడు తడతాది. బానే ఉంది."

మర్నాడు భాగ్యరేఖ మేడానికి ఫోను చేసి పట్టీలన్నీ తీసేయమన్నాడు. శాంతోత్సవం అయ్యేదాకా వీల్లేదంది. శాలువా కొనేశామంది. అతను నైనిక పట్టీ ఒక్కటీ తీసేసి మూడు రోజులు చూశాడు. ఏం మారలేదు. ఒంటికి అలవాటైపోయిన లయ, పట్టీ విప్పితే పోలేదు. మూడో రోజు పొద్దున పిల్ల నానమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎదుటి గోడ చూస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు. వెనకనుంచి చూస్తే, ఒకరే చిన్నగా పెద్దగా కూర్చున్నట్టున్నారు. ఇలాగే ఉండిపోతే ఈ పిల్లకి పదో ఏడు రాదు, ఏకంగా డెబ్బై రెండోది వస్తుంది.

"కంప్యూటర్ని తుడిచేయొచ్చండి," అంది నాగమల్లేశ్వరి. "పిల్లల్ని తుడవలేం కదండి. పాత పాఠం ఎలా ఎక్కించామో కొత్తదీ అలాగే పట్టీల ద్వారానే ఎక్కించాలి. పిల్లలవే మొదటి రెండు వారాల లెక్కలు ఉండేవి, స్థలం చాలక మనమే తీసేశాం. ఇప్పుడు ఎవరిదైనా నిజంగా వచ్చిన కోపం కావాలండి. పొంగి, పొంగినంతసేపు పొంగి, దానంతటది దిగినది."

"నాది తీసుకో" అని త్రిమూర్తులు పట్టీ కట్టుకుని, కాలేజీ యాజమాన్యం గురించి పావుగంట ఆలోచించాడు. తెర మీద "నీరసం" అని పడింది. డిపార్టుమెంటులో మరో ఇద్దరికి కట్టి చూశారు. నీరసం, నీరసం.

"పద్మలత మేడం గారిది?"

"ఆవిడకి కావలసినంత ఉంది. కానీ కంప్యూటరు టాపర్ల దగ్గరే నేర్చుకుంటుంది. ర్యాంకు లేనివాళ్ల కోపాన్ని లెక్కలోకి తీసుకోదు."

"మరి టాపరుకే రావాలండి. ర్యాంకు నెల రోజుల సగటు కదండి, ఒక్క మధ్యాహ్నం కోపానికి ఫస్టు పోదు. శనివారం ఆరింటిలోగా అమ్మగారికి కోపం తెప్పించగలరాండి?"

త్రిమూర్తులు నలభై మూడేళ్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తల్లికి కోపం రావడం ఒక్కసారీ కనబడలేదు. ఇన్నాళ్లూ అది తన అదృష్టం అనుకునేవాడు.

శనివారం పొద్దున పట్టీ మళ్లీ వరహాలమ్మ చేతికి కట్టి, ఆవిడ కాఫీలో చక్కెర మానేశారు. "షుగరు మంచిది కాదన్నారుగా, మంచి పని చేశారు" అంది వరహాలమ్మ. భోజనంలో పప్పులో ఉప్పు రెట్టింపు వేశారు. మజ్జిగ కలుపుకుని తినేసింది. పొద్దున తిరిగి వేసే సీరియల్ మధ్యలో టీవీ కట్టేశారు. ఆవిడ రిమోటు తుడిచి కవరులో పెట్టి, కళ్లు మూసుకుంది. తెర మీద "నెమ్మది". ఒక్కసారి కూడా మిణుకుమనలేదు.

మూడయింది. త్రిమూర్తులు అలిసిపోయి తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నైనిక గుమ్మానికి ఆనుకుని కూర్చుని, ఎవరూ అడక్కుండానే బట్టలు మడత పెడుతోంది.

"అమ్మా, నీకు కోపమే రాదా?"

"కోపం దేనికిరా. ఎవరేం చేశారని."

"పోనీ, నిన్ను అడక్కుండా మేం చేసిన పని ఏదైనా ఉందా?"

వరహాలమ్మ పైన ఫ్యాను వంక చూసింది. అది నాలుగైదు చుట్లు తిరిగాక, "బైండ్లు" అంది.

"ఏ బైండ్లు?"

ఆవిడ తల తిప్పి కొడుకు వంక చూసింది. అప్పటిదాకా చేసిన ఉప్పూ, చక్కెరా, రిమోటూ చేయలేని పని ఆ రెండు మాటలూ చేశాయి.

"ఏ బైండ్లు అంటావేంట్రా. పద్దెనిమిది బైండ్లు. వారం వారం పుస్తకంలోంచి సీరియలు కాయితాలు చింపి, సూదీ దారం పెట్టి కుట్టుకుని, క్యాలెండరు అట్టలు వేసుకున్నవి. నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఈ కొంపకి మారారు. కట్టు విప్పుకుని వచ్చేసరికి బైండ్లు లేవు. ఏవిరా అంటే, చోటు లేదమ్మా, పాత పేపర్లవాడికి ఇచ్చేశాం అన్నావు. నవ్వుతూ అన్నావు."

త్రిమూర్తులుకి లీలగా గుర్తొచ్చింది. మెట్లు దిగుతున్న ఓ గోనెసంచీ.

"చివరి ఎనిమిది వారాలూ చదవకుండా దాచుకున్నాన్రా. కళ్లు బాగయ్యాక ఒక్క బిగిన చదువుకుందామని. ఆ సీరియల్లో డాక్టరమ్మ ఇంట్లోంచి బయటికొచ్చి రైలెక్కింది. ఏ స్టేషన్లో దిగిందో నాకు తెలీదు. పదకొండేళ్లయింది. అదింకా రైల్లోనే ఉంది."

గొంతు పెరిగింది. వంటింట్లోంచి పద్మలత వచ్చి నిలబడింది. పట్టీ గబగబా జోకొడుతోంది. వరహాలమ్మ ఆ చేతిని రెండోచేత్తో దోమని కొట్టినట్టు కొట్టింది.

"అడగొచ్చు గదరా. అమ్మా, ఇవి ఉంచమంటావా పారేయమంటావా అని ఒక్క మాట. నేనే పారేయమందునేమో. అడిగితే నీ నోరు అరిగిపోద్దా? ఆ రోజు మొదలుకుని ఈ ఇంట్లో నన్ను ఒక్క సంగతి అడిగారా ఎవరైనా? చక్కెర వేయాలా అని అడిగారా? ఇది చేతికి కట్టాలా అని అడిగారా?"

ఆవిడ ఆయాసపడుతూ చెయ్యి పైకెత్తి చూసుకుంది.

"ఇదేదో రాసింది. నా కళ్లజోడు లేదు. చదవ్వే."

నైనిక బట్టలు వదిలేసి వచ్చి చూసింది. "కోపం, నానమ్మా."

"ఇదా?" అంది వరహాలమ్మ. "ఇన్నాళ్లూ గ్యాసనుకున్నాను."

ఆవిడ పదకొండేళ్లుగా రోజూ భోజనం అయ్యాక ఛాతీ రుద్దుకుంటూ వాము నములుతోంది. పద్మలత నెలనెలా సరుకుల చీటీలో వాము రాస్తోంది. త్రిమూర్తులు తెస్తున్నాడు.

ఆరూ పదికి నాగమల్లేశ్వరి ఫోను చేసింది. "ఎక్కిందండి సార్. పట్టీ ఎంత తట్టినా ఆగలేదండి, యాభై నిమిషాలు నడిచి దానంతటదే దిగింది. స్కూలు ఫస్టు ఇంకా అమ్మగారే. తొంభై ఏడు పాయింటు ఆరు."

సోమవారం పొద్దున బస్సు హారన్ కొడుతుంటే త్రిమూర్తులు నైనిక చెయ్యి లాక్కుని హడావిడిగా పట్టీ కట్టేశాడు. నలభై ఏళ్ల అలవాటు ఒక్క శనివారంతో పోదు.

పదకొండూ పదికి భాగ్యరేఖ మేడం ఫోను. వెనక ఎవరో గోల పెడుతున్న చప్పుడు.

"సార్, మీ పట్టీలు పాడైపోయాయండి. ఐదో తరగతి వాళ్లు బంతి కోసం కొట్టుకుంటున్నారు. అద్దం పగిలిందని ఇద్దరాడపిల్లలు జుట్లు పట్టుకున్నారు, అందులో ఒకరు మీ అమ్మాయేనండి. ఒకడైతే ఏ కారణం లేకుండా పరిగెడుతున్నాడు సార్."

"పరిగెడుతున్నాడా?"

"ఆగట్లేదండి. గ్రౌండు చుట్టూ తిరుగుతున్నాడు."

త్రిమూర్తులు విరిగిన కుర్చీ అని చూసుకోకుండా కూర్చుండిపోయాడు. "మేడం, కాసేపు పరిగెత్తనివ్వండి" అన్నాడు.

శాంతోత్సవం రద్దయింది. పట్టీలు అట్టపెట్టెల్లో తిరిగొచ్చాయి. మా పిల్లల నెమ్మది మాకు తిరిగి ఇప్పించాలని నూట నలభైమంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. కాలేజీ యాజమాన్యం ఆ వారమే ల్యాబు గదిలో మరో ఇరవై కుర్చీలు పడేయించింది. ఐదో తరగతిలో ఫస్టు ర్యాంకు కుక్కకి వచ్చింది.

అదంతా తర్వాత. ఆ సోమవారం సాయంత్రం నైనిక మోకాలు గీరుకుపోయి, రిబ్బను ఒకవైపే ఉండి, గుమ్మంలోంచే పట్టీ ఊడబెరికి సోఫా మీదకి విసిరింది.

"నాన్నా, ఇది కట్టేటప్పుడు నన్నడిగావా?"

"అది నీ మంచికే..."

"అడిగావా?"

"లేదు."

"అడగొచ్చు కదా" అంది. నానమ్మ అన్న మాటే, నానమ్మ అన్నట్టే. అయితే ఈసారి పదకొండేళ్లు ఆగకుండా అదే రోజు అంది. "నాకు కేకు కావాలి. గుర్రానిది. కొమ్ము విరిగితే ఊరుకోను." బ్యాగు నడిమధ్యలో పడేసి లోపలికి పోయింది.

త్రిమూర్తులు అప్పటికే ఊళ్లో ఉన్న రెండు పాత పుస్తకాల కొట్లకీ, ఓ గ్రంథాలయానికీ వెళ్లొచ్చాడు. ఆ ఏడాది వారపత్రికలు గ్రంథాలయంలో ఉన్నాయి. కావలసిన ఎనిమిది వారాల్లో ఐదింటికి సీరియలు పేజీలు ఎవరో ముందే చింపుకుపోయారు. తన తల్లిలాంటి మనిషే ఎవరో. దొరికిన మూడింటినీ జెరాక్సు తీయించి తెచ్చాడు. మూడింటిలోనూ రైలు నడుస్తూనే ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడు వరహాలమ్మ, "తెచ్చావులే" అంది. క్షమించినట్టు అనలేదు. శనివారం నుంచి ఆవిడ అతనితో లెక్క చూసుకుని మాట్లాడుతోంది. కాఫీ ఇస్తే ముందు మూత తీసి చూస్తోంది.

లోపలి గదిలో గొంతులు లేచాయి.

"ఆవిడ కాకినాడలో దిగిపోయింది నానమ్మా."

"కాకినాడలో ఎందుకు దిగుతాది? అది వెళ్లేది మద్రాసు."

"దిగింది. నేను చెప్తున్నా కదా."

"నువ్వెవరివే చెప్పడానికి? బైండ్లు కుట్టింది నువ్వా, నేనా?"

"అయితే రైల్లోనే కూర్చోబెట్టుకో!"

"కూర్చోబెట్టుకుంటాను. నా డాక్టరమ్మ, నా ఇష్టం."

పద్మలత వంటింట్లోంచి, "ఏవండీ, కాస్త వాళ్లని ఆపండి. తలనొప్పొస్తోంది" అంది.

త్రిమూర్తులు లేవలేదు. సోఫా మీదున్న పట్టీ తీసి చేతికి కట్టుకున్నాడు. మళ్లీ నీరసమే వస్తుందనుకున్నాడు. తెర చాలాసేపు ఖాళీగా ఉంది. ఆ తర్వాత "సిగ్గు" అని పడింది. పట్టీ మణికట్టు మీద మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. హాయిగానే ఉంది. ఇంకో రెండు నిమిషాలు ఉంచుకుంటే పోయేటట్టే ఉంది.

విప్పేసి ఓ పెట్టెలో పడేశాడు. లోపల రైలు ఇంకా ఏ స్టేషన్లోనూ ఆగలేదు.